కార్యదర్శి కుర్చీ

తొండుపల్లి,
డిసెంబరు 14.

సరిహద్దులో మంచు కొండల మీద కాపలా ఉన్న ఉపేందర్ గారికి,

తొండుపల్లి మేడమీది గదిలో కూర్చుని మీ ప్రేమలత రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. అత్తమ్మ, మాధవి, కింద బావ, ప్రసన్న అక్క, అందరూ క్షేమం. అక్కడ మీరూ, మీతో ఉన్నవాళ్లూ వెచ్చగా, ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటున్నాను. ఎదురుగా ఉంటే 'నువ్వు' అనే అంటాను గానీ కాగితం మీద మాత్రం 'మీరు' అనే వస్తుంది. చదువుతూ నవ్వుకోకండి.

మీ ఉత్తరం మొన్న అందింది. మార్చి దాకా ఫోను పలకదని, హెలికాప్టర్ వచ్చినప్పుడే ఉత్తరాలు కదులుతాయని రాశారు. అందుకే ఈసారి పెద్ద ఉత్తరం రాస్తున్నాను. చెప్పాల్సింది ఎంత ఉందంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను.

అత్తమ్మ మోకాలి సంగతి. దవాఖానకు తీసుకెళ్లాను. మెట్లు ఎక్కొద్దన్నారు. "మెట్లెక్కకుంటే మనుమరాలిని ఎట్ల సూడాలె" అని డాక్టరుతోనే కొట్లాట పెట్టుకుంది. ఇప్పుడు మాధవే దిగి వెళ్లి ఆమె పక్కన పడుకుంటోంది. మాధవికి ముందు పన్ను ఊడింది. ఇంటి మీద నుంచి పోయే విమానాలన్నిటికీ నోరు తెరిచి ఆ ఖాళీ చూపిస్తోంది. వాటిలో ఏదో ఒకటి మీ వైపు వస్తుందని దాని నమ్మకం.

ఇక మీ మూడో ప్రశ్న. "ఆటలు ఆడించడానికి కూడా పీజీ చదవాలా అని మావాళ్లు నవ్వుతున్నారు, ఏం చెప్పమంటావ్" అని రాశారు. వాళ్లకు ఇలా చెప్పండి. మా తరగతి గది బోర్డు మీద 'క్రీడా నిర్వహణ, వ్యూహాత్మక నాయకత్వం' అని రాసి ఉంటుంది. మొదటి వారం నాకూ నవ్వొచ్చింది. శని, ఆదివారాలు క్లాసులు. అందరిలోకీ నేనే పెద్దదాన్ని. బడిలో పీఈటీ టీచరునని చెబితే పక్కనున్న అబ్బాయిలు "నమస్తే మేడం" అని లేచి నిలబడ్డారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మాకు చెప్పేది నబీలా మేడం. శంషాబాద్‌లోనే పుట్టి పెరిగారు. ఒకప్పుడు హాకీ ఆడేవారు. పుస్తకం పట్టుకుని చదివి వినిపించే రకం కాదు. ఒక శనివారం మమ్మల్ని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి తీసుకెళ్లారు. లోపల పెద్ద కబడ్డీ మ్యాచ్. మేం ఆట చూడకూడదట. ఆటకు వీపు పెట్టి నిలబడాలట. మీరు నమ్మండి, కూత వినబడుతుంటే, జనం అరుస్తుంటే, నేను అటు తిరగకుండా నిలబడ్డాను. తిరగకపోతేనే అసలు సంగతి కనిపించింది. ఆటగాళ్లకు నీళ్లు ఎవరు ఏ తలుపు నుంచి తెస్తున్నారు, అంబులెన్స్ ఏ గేటు దగ్గర ముఖం బయటికి పెట్టి ఆగి ఉంది, తప్పిపోయిన పిల్లలను ఎక్కడ కూర్చోబెడతారు, మ్యాట్ మీద చెమట తుడిచేవాళ్లకు సైగ ఎవరిస్తారు. ఆ సైగ ఇచ్చే మనిషి పక్కన నన్ను నిలబెట్టి, చెవికి మైకు తగిలించారు. రెండో సగంలో మూడుసార్లు నేనే సైగ ఇచ్చాను. ఎనిమిదేళ్లు కబడ్డీ ఆడాను కదా, నేను ఆడిన ఒక్కో మ్యాచ్ వెనకాల ఎవరో ఇలా ఆటకు వీపు పెట్టి నిలబడి ఉంటారని ఆరోజు దాకా నాకు తోచనే లేదు. బస్సులో ఇంటికి వస్తుంటే కాళ్లు నేల మీద లేవు. అత్తమ్మ చూసి "ఏంది పిల్లా, మ్యాచ్ గెలిచినవా" అంది. అవునన్నాను.

ఆ తరువాతి వారం మేడం మాకు ఒక పని ఇచ్చారు. ఎవరికి వారు తమకు దగ్గరగా ఉన్న ఒక క్రీడా సంఘాన్ని పట్టుకుని, అది ఎలా నడుస్తుందో చూసి రావాలి. నేను మన చుట్టుపక్కల మండలాల కబడ్డీ సంఘం పేరు చెప్పాను. నాకు సులువని అనుకున్నాను. కార్యదర్శి మన జగదీశ్ బావే కదా, కింది అంతస్తులోనే ఉంటారు.

మేడం అడిగారు. "మీ సంఘంల కమిటీల ఆడోళ్లు ఎందరున్నరు, ప్రేమలతా?"

"ఒక్కరు గూడ లేరు మేడం."

"ఆడపిల్లల టోర్నీ ఆఖరిగ ఎప్పుడైంది?"

వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టాను. ఆ ఆఖరి టోర్నీలో ఆడింది నేనే. కొత్తూరులో ఆ మ్యాచ్ చూసే కదా బావ మీ సంబంధం తెచ్చారు. అప్పటికి మాధవి పుట్టలేదు. ఆ తరువాత ఆడపిల్లలకు టోర్నీయే జరగలేదు.

బావను అడిగితే "పిల్లలే వస్తలేరు, ఎవరితోని ఆడిపియ్యాలె" అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదాయన. అందుకే పిల్లలను వెతుక్కుంటూ నేనే బయలుదేరాను. జల్‌పల్లిలో షహజాది అని ఒక అమ్మాయి ఉంది. బడుల పోటీల్లో దాని కూత చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇంటర్‌లో చేరాక ఆట మానేసింది. వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ చాయ్ ఇచ్చి, "టీచరమ్మా, మీ మ్యాచులు లైట్ల కింద పెడ్తరు. అయిపోయేసరికి బస్సు ఉండది. బిడ్డను ఎట్ల పంపాలె" అంది. షహజాది గుమ్మం దాకా వచ్చి, అమ్మకు వినబడకుండా మెల్లగా చెప్పింది. "అక్కా, ఆ గ్రౌండుల బాత్రూం లేదు. పోయినసారి ప్రాక్టీసుకు పిలిచినప్పుడు పొద్దటి నుంచి నీళ్లు తాగకుంట ఆడినం. ఒక పిల్ల కళ్లు తిరిగి పడింది."

ఆ మాట విన్నాక నాకు కోపం రాలేదు. విచిత్రంగా ఉత్సాహం వచ్చింది. పిల్లలకు ఆట మీద ఇష్టం పోలేదు కదా. అడ్డం ఉన్నది ఒక బస్సు, ఒక బాత్రూం. ఇవి తీర్చగలిగినవే. మా బడి గ్రౌండులో పొద్దున పూట పెడితే రెండూ తీరిపోతాయి. తెల్లారేదాకా ఆగలేక, స్కూటీ దిగిన దాన్ని దిగినట్టే బావ దగ్గరికి పోయి చెప్పాను. బావ విమానాశ్రయంలో కార్గో డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి సాక్సులు విప్పుతున్నారు.

"ప్రేమా, గ్రౌండు మాట్లాడుడు నేనే, అంపైర్లను పిలుసుడు నేనే, కరెంటాయన కాడికి పోవుడు నేనే. ఇగ ఇది గూడ నా నెత్తిన పెడుతవా?"

"నీ నెత్తిన వద్దు బావా. నాకియ్యి, నేను చేస్త."

"బడి, సదువు, ఇల్లు, ముసలమ్మ. నీకు చాలదా? సూద్దాం తియ్యి."

మీ అన్న 'సూద్దాం' అన్నారంటే ఏమిటో నాకన్నా మీకే బాగా తెలుసు. మళ్లీ అడిగాను. మళ్లీ చూద్దామన్నారు. మూడోసారి నేను మాట పూర్తి చేయకముందే టీవీ శబ్దం పెంచారు.

ఉపేందర్ గారూ, ఇప్పటిదాకా రాసిందంతా నిజమే గానీ అసలు మాట చుట్టూ తిరుగుతున్నాను. ఇక చెప్పేస్తాను. పోయిన నెల సంఘానికి ఎన్నికలు జరిగాయి. ఎప్పుడూ చాయ్ తాగి చప్పట్లు కొట్టి ముగించేవాళ్లు. ఈసారి కార్యదర్శి పదవికి మీ అన్న మీద నేను నిలబడ్డాను.

మీకు ముందే రాయొచ్చు. రాయలేదు. మీరు వద్దంటే ఆగిపోతానేమోనని భయం. సరే అంటే అన్నదమ్ముల మధ్య మిమ్మల్ని నిలబెట్టినట్టవుతుందని ఇంకా పెద్ద భయం. అక్కడ మంచులో నిలబడింది చాలదా మీకు. అందుకే ఈ బరువు నేనే ఎత్తుకున్నాను. మీకు కోపం వస్తే రానివ్వండి, కానీ చివరిదాకా చదివాక రానివ్వండి.

బావకు మాత్రం వేరేవాళ్ల నోట తెలియనివ్వలేదు. నేనే కిందికి వెళ్లి చెప్పాను. అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ప్రసన్న అక్క అన్నం వడ్డిస్తోంది.

"బావా, ఈసారి కార్యదర్శికి నేను నిలబడుత."

నవ్వారు. "ఎవరి మీద?"

"ఎవరి మీద గాదు. కుర్చీ కోసం."

"గా కుర్చీల నేనే కూసున్న గద."

అప్పటికి నేను నవ్వడం లేదని గమనించారు. చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశారు. "నిన్ను ఈ ఇంటికి తెచ్చింది నేను, ప్రేమా." అంతే అన్నారు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ సంగతి మర్చిపోలే బావా. నా ఆట సూసే తెచ్చినవ్ గద. అసొంటి ఆట ఇంకో పది మంది పిల్లలకాడ ఉంది, దాన్ని సూసేటోళ్లు లేరు. అందుకే నిలబడుతున్న" అన్నాను. ఆయన లేచి చేయి కడుక్కున్నారు.

అప్పుడు అత్తమ్మ అందుకుంది. చిక్కుడుకాయ మీద నుంచి చూపు ఎత్తకుండా, "ఇద్దరు అవే ఊళ్లు తిరగాలె గద. ఒక్క బండి మీద పోరాదుండ్రి" అంది. అక్క నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

వినండి, అత్తమ్మ మాటే నిజమైంది. ఒక ఆదివారం, క్లాసుకు సెలవు, కొత్తూరు వెళ్తున్నాను. అక్కడి క్లబ్బు పెద్ద రామచంద్రయ్య సార్‌ను ఓటు అడగాలి. సంఘంలో ఓట్లు వేసేది ఊళ్ల క్లబ్బులే, ఆయన ఎటు ఉంటే ఆ వైపు ఐదారు క్లబ్బులు ఉంటాయి. సర్వీసు రోడ్డు మీద స్కూటీ ఆగిపోయింది. ఎంత తన్నినా స్టార్టు కాదు. వెనకనుంచి బుల్లెట్ చప్పుడు. బావ. నన్ను దాటి కొంచెం దూరం పోయి, మళ్లీ తిప్పుకుని వచ్చారు.

"యాడికి?"

"రామచంద్రయ్య సార్ కాడికి."

కాసేపు హైవే వైపు చూశారు. "నేను గూడ ఆడికే. ఎక్కు."

అలా ఇద్దరు పోటీదారులం ఒకే బండి మీద పోయి ఒకే గుమ్మం ముందు దిగాం. సార్ మమ్మల్ని చూసి, సంగతి అర్థమయ్యాక, కుర్చీ పట్టుకుని నవ్వారు. "మీరిద్దరు కలిసొచ్చి నన్ను ఆగం జేస్తున్రు. సరే, కూసోండ్రి. ముందు ఎవరు చెప్తరు?"

బావ నా వైపు చేయి చూపించారు. నేను మొదలుపెట్టాను. షహజాది మాట చెప్పాను. పొద్దున పూట మ్యాచులు, బడి గ్రౌండు, ఊరికో పెద్దావిడ పిల్లలకు తోడుగా వచ్చి కూర్చోవడం, అంపైర్లకు ముందే తేదీలు చెప్పడం, పనులన్నీ ఒక్కరి తల మీద ఉండకుండా ఐదుగురికి పంచడం. స్టేడియంలో ఆటకు వీపు పెట్టి చూసిందంతా చెప్పాను. బావ పక్కనే ఉన్నారు. లేచి టీవీ పెంచడానికి అక్కడ టీవీ లేదు. మొదటిసారి నా మాట ఆయన చివరిదాకా విన్నారు.

నేను ఆపగానే బావ అన్నారు. "ఆ గ్రౌండుల కోర్టు తూర్పు పడమర గీస్తే ఒక జట్టుకు పొద్దటి ఎండ కళ్లల్ల కొడ్తది. ఉత్తరం దక్షిణం గియ్యాలె." అని, తాను ఎవరి మాటకు సాయం చేశారో తెలిసి నాలుక కరుచుకున్నారు. సార్ మళ్లీ నవ్వారు. "జగదీశ్, ఇగ నీ మాట చెప్పు" అన్నారు. బావ "నేను పన్నెండేండ్ల సంది చేస్తున్న సార్. మీరు చూస్తనే ఉన్నరు" అన్నారు. అంతకన్నా ఏమీ చెప్పలేదు. ఆయన చేసింది చిన్నది కాదు. కానీ చెప్పడం రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు నా స్కూటీ దగ్గర ఆగి, ప్లగ్గు విప్పి తుడిచి, స్టార్టు చేసి ఇచ్చారు. ఆ వెంటనే బుల్లెట్ ఎక్కి వెళ్లిపోయారు.

ఎన్నిక శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడ్డానో లేదో పైనుంచి విమానం. ఆ చప్పుడు పోయేదాకా అందరూ నన్నే చూస్తూ కూర్చున్నారు, నేను వాళ్లను చూస్తూ నిలబడ్డాను. ఆ కాస్తసేపట్లో భయం ఎటు పోయిందో పోయింది. "బావ ఇన్నేండ్లు ఒక్కడే మోసిండు. మనం మోయనిచ్చినం. అది మన తప్పు" అని మొదలుపెట్టాను. తరువాత ఏం మాట్లాడానో సరిగా గుర్తు లేదు. వెనక వరుసలో నబీలా మేడం ఉన్నారని, నేను రెండుసార్లు తడబడ్డానని తరువాత ఆమే చెప్పారు.

చీటీలు లెక్కపెట్టారు. మూడు ఓట్ల తేడాతో నేను గెలిచాను.

మీరు అక్కడ ఒక్కసారి లేచి నిలబడ్డారని ఊహించుకుంటున్నాను. నేనూ నిలబడ్డాను. ఎవరో దండ వేశారు. రామచంద్రయ్య సార్ తల మీద చేయి పెట్టారు. నేను మాత్రం బావ కోసమే చూస్తున్నాను. ఆయన అందరికీ దండం పెట్టి, తలుపు వైపు నడిచి, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ పోతూ పోతూ లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపేసి వెళ్లిపోయారు. మేమంతా ఇంకా లోపలే ఉన్నాం. చీకట్లో దండతో నిలబడి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు.

ఆ తరువాత ఇంట్లో రెండు వారాలు ఎలా గడిచాయో అడగకండి. బావ తిట్టలేదు, అలగలేదు. డ్యూటీకి పోతున్నారు, వస్తున్నారు. మాధవిని ఎత్తుకుంటున్నారు. నేను మెట్ల మీద ఎదురుపడితే మాత్రం పక్కకు జరిగి దారి ఇస్తున్నారు, చుట్టానికి ఇచ్చినట్టు. "తిడితే నాకు సమజైతది, గిట్ల ఊకుంటేనే పరేషాన్‌గ ఉంది" అంది అక్క. నేను పని మీద పడ్డాను. కమిటీలో ఇద్దరు ఆడవాళ్లను తీసుకున్నాం. జనవరి చివరి ఆదివారం ఆడపిల్లల టోర్నీ. తొమ్మిది జట్లు పేర్లిచ్చాయి. జల్‌పల్లి జట్టుకు షహజాది కెప్టెన్. వాళ్లమ్మే పిల్లలకు తోడుగా వస్తానంది. కోర్టు ఉత్తరం దక్షిణం గీయించాను.

నిన్న శనివారం పొద్దున క్లాసుకు తయారవుతున్నాను. మెట్ల మీద బరువైన అడుగులు. బావ. ఎన్నికల తరువాత పైకి రావడం అదే మొదలు. గుమ్మంలో నిలబడి "ప్రేమా, ఉన్నవా" అన్నారు. కుర్చీ వేశాను. కూర్చోలేదు. మంచం మీదున్న నా పుస్తకం ఒకటి తీసి, పేజీలు తిప్పారు.

"అంత ఇంగ్లీషేనా?"

"పుస్తకం ఇంగ్లీషే బావా. మేడం తెలుగుల గూడ చెప్తది."

"డిగ్రీ ఉంటే సీటిస్తరా?"

"ఇస్తరు."

"నాది బీకాం." పుస్తకం మూసి, అట్ట మీద దుమ్ము లేకపోయినా తుడిచారు. "జూలైల సీటుంటదేమో మీ మేడంను అడుగు."

చేతిలోని దువ్వెన పక్కన పెట్టేశాను. "ఎందుకు బావా?" అన్నాను.

"నాలుగేండ్లకు మళ్ల ఎలక్షన్లొస్తయ్. అప్పుడు నీ మీద నిలబడ్త." ఆయన ముఖంలో నవ్వు లేదు. ఆటకు ముందు గీత మీద నిలబడ్డ ఆటగాడికి ఉండే ముఖమే అది. "ఆ రోజు సార్ ముంగట నాకు మాటలు రాలే. చేసింది అంత ఉంది, చెప్పరాలే. మళ్లొకసారి గట్ల ఓడిపోను."

"సరే బావా. కానీ అప్పటిదాకా అంపైర్ల పని నువ్వే సూడాలె. నా మాట వాళ్లు ఇంక ఇంటలేరు."

"సూస్త. కార్యదర్శి చెప్పినంక తప్పుతదా?" అని, మెట్లు దిగి వెళ్లిపోయారు.

నాకు బస్సు తప్పిపోయింది. క్లాసుకు ఆలస్యంగా పోయి, మేడం ఏమీ అనకముందే, "మేడం, జూలైల మా బావకు సీటు కావాలె" అన్నాను. "నీ చేతిల ఓడిపోయిన బావేనా?" అన్నారు. అవునన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఈ ఉత్తరం అందేసరికి టోర్నీ అయిపోయి ఉండొచ్చు. చలిలో చేతులకు తొడుగులు తీయకండి, ఉత్తరం రాయడానికి తప్ప. నా మీద కోపం ఉంటే నాకే రాయండి, దాచుకోకండి. బావకు విడిగా ఒక ఉత్తరం రాయండి. కానీ ఓదార్చకండి. ఆయనకు ఓదార్పు అక్కర్లేదు, ఆయన తయారవుతున్నారు. నిన్న సాయంత్రం నుంచి నా పుస్తకం ఆయన దగ్గరే ఉంది.

ఇట్లు,
మన ఇంటి ఇద్దరు పోటీదారుల్లో చిన్నది,
మీ ఇల్లాలు
ప్రేమలత